బగోనెకు మాటు వేసిన పద్ధతి

ఏ పని మొదలుపెట్టినా ముందు డైరీలో దానికో పేజీ కేటాయించడం నా అలవాటు. నీటిపారుదల శాఖలో కాలువల పటాలు గీసినన్నాళ్లూ అదే పద్ధతి, రిటైరై సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నాకా అదే పద్ధతి. ఇల్లు కట్టేటప్పుడు కారు కొందామని పక్కన షెడ్డు కూడా వేయించాను. కారు పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. షెడ్డులో మాత్రం విరిగిన కుర్చీలు, ఎండుమిర్చి బస్తా, ఎవరూ తొక్కని సైకిలు చేరాయి. చివరికి ఒక టిగ్ వెల్డింగ్ మిషన్ వచ్చి చేరింది.

అది మా వియ్యంకుడి పుణ్యం. ఆయనది కోదాడ. చాలా కాలం మెట్లకూ బాల్కనీలకూ స్టీలు రెయిలింగులు చేయించే దుకాణం నడిపాడు. అంటే దుకాణంలో కూర్చున్నాడు. పని చేసింది పనివాళ్లు. దుకాణం మూసేశాక ఆ మిషన్ వాళ్ల హాల్లో టీవీ పక్కన ఉండిపోయింది. వియ్యపురాలు, మిషనుంటే తను ఉండనందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆయన మాత్రం దాన్ని కార్లో వేసుకొచ్చి మా షెడ్డులో దింపి, "మీరు పద్ధతిగల మనిషండీ బావగారూ. ఇలాంటివి మీలాంటి వాళ్ల దగ్గరుంటేనే అందమండీ" అన్నాడు. మా ఆవిడ పెట్టిన సకినాలు తిని, మిగిలినవి కట్టించుకుని వెళ్లిపోయాడు.

టిగ్ వెల్డింగ్ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రోడ్డు పక్కన గేట్లు అతికేవాళ్లు చేసేది ఇది కాదు. అక్కడ చేతిలోని కడ్డీయే కరిగి అతుకుతుంది. ఇందులో టార్చి అనే పిడి చివర టంగ్‌స్టన్ సూది ఉంటుంది. సూది కరగదు, దాని కొసన నిప్పు పుడుతుంది. ఆ నిప్పుకు మామూలు గాలి తగలకుండా చుట్టూ ఒక గ్యాసు కాపలా కాస్తుంది. కుడిచేత్తో సూదిని లోహానికి తగలనీయకుండా, అలాగని దూరం జరగనీయకుండా పట్టుకోవాలి. ఎడమచేత్తో సన్నటి తీగను కొంచెం కొంచెం అందించాలి. ఇదంతా నల్లద్దం హెల్మెట్ వెనక నుంచి. ఒక చేత్తో దోశ తిప్పుతూ, ఇంకో చేత్తో సూదిలో దారం ఎక్కిస్తూ, తల మీద బిందె బోర్లించుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

సూది లోహానికి తగిలితే మొన పాడవుతుంది. మళ్లీ తీసి, సానరాయి మీద పెన్సిల్ చెక్కినట్టు చెక్కాలి. నాది ప్రతిసారీ తగిలేది. అందుకని మొదట్లో నేను నేర్చుకున్నది వెల్డింగ్ కాదు, సూది చెక్కడం. అందులో మాత్రం మంచి పేరు తెచ్చుకోగలననిపించింది.

ఇక గ్యాసు. ఏ గ్యాసు పెట్టాలని వియ్యంకుడికి ఫోన్ చేసి అడిగాను.

"ఏదో సిలిండర్ పెట్టేవాళ్లండీ మా కుర్రాళ్లు. నీలం రంగో, నలుపు రంగో. గ్యాసు గ్యాసేనండీ బావగారూ, ఆలోచించకండి" అన్నాడు.

మునగాల దగ్గర హైవే పక్కన ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే షెడ్డు ఒకటుంది. దాని యజమానిని అడిగాను. ఆయన సగం తిన్న బజ్జీ పక్కన పెట్టి, మూలనున్న నల్ల సిలిండర్‌ను కాలితో తట్టి చూపించాడు. "వెల్డింగ్ గ్యాసే గద సార్? ఇగో, గిదే. మా ట్రాలీలన్ని దీంతోనే అతుకుతం. సీవోటూ." ఆయన చెప్పింది అబద్ధం కాదు. ట్రాలీలు అతికే మిషన్ వేరు, దానికి అదే గ్యాసు. నా మిషన్‌కు అది పనికిరాదని ఆయనకు తెలియదు, నాకు అసలే తెలియదు. గొట్టం బిగించడానికి ఏదో ఇత్తడి ముక్క కూడా ఆయనే వెతికి ఇచ్చాడు.

ఆ గ్యాసుతో నేను వేసిన ప్రతి అతుకూ నల్లగా, ఉండలు ఉండలుగా వచ్చింది. డైరీలో రోజూ ఒకే మాట రాసేవాణ్ని: నల్లగా వచ్చింది, సాధన చాలలేదు. ఒకరోజు మా ఆవిడ చాయ్ తెచ్చి, నేను అతికిన రెండు స్టీలు పట్టీలను చాలాసేపు చూసింది.

"ఏందయ్యా, గొర్రె పెంటికలు వరసగ పోసినట్టున్నది?"

మాది పెన్‌పహాడ్ దిక్కు గొర్రెల మందలున్న ఇల్లు. ఆ పోలికలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

మా ఆవిడకు వాళ్లమ్మ పెట్టిన స్టీలు బగోనె ఒకటుంది. బగారన్నం వండితే వాడకట్టులో సగం మంది తినేంత పెద్దది. అంచు మీద మా అత్తగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. మా దిక్కున స్టీలు సామాను ఫంక్షన్ల కోసం ఇళ్లన్నీ తిరిగి వస్తుంది కాబట్టి గరిటె మొదలుకొని గంగాళం దాకా అన్నింటి మీదా పేర్లు కొట్టిస్తారు. పేరు లేని గిన్నె బయటికి పోతే ఇక దాని మీద ఆశ వదులుకోవలసిందే. అత్తగారు పోయాక, ఆమె గుర్తుగా మా ఆవిడ దగ్గర మిగిలింది ఆ బగోనె ఒక్కటే.

దాని మీద ఇంకొకరి కన్ను కూడా ఉంది. మిర్యాలగూడలో మా ఆవిడ తమ్ముడు ధాన్యం వ్యాపారం చేస్తాడు. అతని భార్య, అంటే మా ఆవిడకు మరదలు, ఎప్పుడొచ్చినా "అత్త బగోనె కోడలింట్ల ఉండాలె గద వదినా" అని నవ్వుతూ అంటుంది. మా ఆవిడ కూడా నవ్వుతూనే, "నా ఇంట్ల అది ఖరాబైన నాడు తీస్కపో పిల్లా, నేను ఒక్క మాట గూడ అన" అంటుంది. ఇద్దరూ నవ్వుతారు గానీ ఆ మాట ఇద్దరికీ గుర్తుంటుంది.

ఆ బగోనె ఎవరింటి పెళ్లిలోనో కిందపడి, పక్కన పొట్ట మీద ఆవగింజంత చిల్లి పడింది. నీళ్లు పోస్తే ఒక్కో బొట్టూ ఊరేది. బజార్లో మాట్లు వేసేవాడికి ఇద్దామనుకుంటూ మా ఆవిడ నా వైపు తిరిగి, అడగకముందే చెప్పింది: "నువ్వు దాని జోలికి రాకు."

తర్వాత ఆమె మా అమ్మాయి దగ్గర నాలుగు రోజులుందామని కోదాడ వెళ్లింది. వచ్చేసరికి చిల్లి మాయం చేసి ఆమెను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. డైరీలో పేజీ తెరిచి, బగోనె పటం పక్కనుంచీ పైనుంచీ గీసి, చిల్లి ఉన్నచోట బాణం గుర్తు పెట్టాను.

బగోనె రేకు పలుచన. నేను మిషన్‌ను ట్రాలీలకు పెట్టినంత మంట మీద పెట్టాను. సూది దగ్గరికి పోగానే ఆవగింజ శనగగింజ అయింది. దాన్ని మూయబోతే రూపాయి బిళ్ల అయింది. అంచులు సర్దుదామని చుట్టూ తిప్పితే బత్తాయి పట్టేంత అయింది. హెల్మెట్ తీసి చూశాను. చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు దాకా సులువుగా వెళ్లింది. బగోనెను తీసుకుపోయి సజ్జ మీద, చిల్లి గోడ వైపు ఉండేలా బోర్లించాను. డైరీలో ఆ రోజు వాతావరణం గురించి రాశాను.

మా ఆవిడను వియ్యంకుడే కార్లో తీసుకొచ్చి దింపాడు. ఆమె స్నానానికి వెళ్లగానే బగోనె దించి షెడ్డులోకి తెచ్చి ఆయనకు చూపించాను. ఆయన చిల్లిలోంచి అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ చూశాడు.

"ఇది బగోనేనా అండీ బావగారూ, కిటికీయా?"

"ముందు గ్యాసు సంగతి చెప్పండి. నల్లగ ఎందుకొస్తున్నది?"

ఆయన ఫోన్ తీసి, ఒకప్పుడు తన దగ్గర పనిచేసిన మనిషికి చేశాడు. అవతలి మనిషి నవ్వు నాకు కూడా వినిపించింది. ఫోన్ పెట్టేసి, "ఆర్గాన్ అనే గ్యాసు అంటండీ. నీలం సిలిండర్. చూశారా, నేను నీలమో నలుపో అని కరెక్టుగానే చెప్పాను కదండీ!" అన్నాడు.

ఆర్గాన్ మిర్యాలగూడలో దొరుకుతుందని తెలిసింది. మర్నాడు ఆయన కార్లోనే బయల్దేరాం. నేరేడుచర్ల దాటి మిర్యాలగూడలోకి వచ్చాక, గ్యాసు దుకాణం ఉన్న రోడ్డులోనే మా బావమరిది ధాన్యం కొట్టు ఉన్న సంగతి నాకు గుర్తొచ్చింది. గబగబా పని ముగిద్దామని నీలం సిలిండర్‌ను ఇద్దరం చెరోవైపు పట్టుకుని డిక్కీలోకి ఎత్తుతున్నాం. సరిగ్గా అప్పుడే బండి ఆగిన చప్పుడైంది.

"బావా! గిదేంది, ఎప్పుడొచ్చినవ్? ఇంటికి రాకుండ గీడ ఏం చేస్తున్నవ్? ఆ సిలిండరేంది?"

నేను నోరు తెరిచేలోపలే మా వియ్యంకుడు, సాయం చేస్తున్నాననుకుని, "ఆక్సిజనండీ" అన్నాడు.

"ఎవరికి?"

వియ్యంకుడు అటూ ఇటూ చూశాడు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఆయన నా వైపు చూశాడు. సిలిండర్ ఎత్తిన ఆయాసానికి నా నోట మాట రావడం లేదు, ముఖం ఎర్రబడి చెమటలు కారుతున్నాయి. ఏ డాక్టరూ ఇంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేడు. బావమరిది బండి స్టాండ్ వేసి, నా భుజం పట్టుకుని, మెల్లగా, పసిపిల్లవాడిని ఎక్కించినట్టు కారు ఎక్కించాడు.

కారు ఊరు దాటాక, "ఎందుకండీ అట్ల చెప్పిన్రు?" అని అడిగాను.

"ఆర్గాన్ అంటే ఎందుకని అడుగుతాడు కదండీ. ఎందుకంటే బగోనె అని చెప్పాలి. బగోనె అంటే వాళ్లావిడ రెక్కలు కట్టుకుని వచ్చి వాలుతుంది కదండీ." ఆలోచిస్తే అందులో తప్పేమీ కనిపించలేదు. అదే విసుగు.

ఆ సాయంత్రం మా ఆవిడ ఫోన్‌లో తమ్ముడితో మాట్లాడి, ముఖం వెలిగిపోతూ వచ్చింది. "తమ్ముడు శుక్రవారమే ఒడిబియ్యం పోస్తడట! వచ్చే నెల అనుకున్నం గద, గీ శుక్రవారమే మంచిగున్నదట. అందరొస్తరట."

పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పసుపు బియ్యం పోసి, చీర పెట్టి, దీవించి పోవడమే ఒడిబియ్యం. మా దిక్కు ఆడవాళ్లకు దాన్ని మించిన మర్యాద లేదు. అది ముత్తైదువకు చేసేది. భర్త బతికి ఉన్నప్పుడే చేసేది. తొందర ఎందుకో నాకు అర్థమవుతూ ఉండగానే నా ఫోన్ మోగింది. బావమరిది గుసగుసగా మాట్లాడాడు.

"బావా, అక్కకు నేనేం చెప్పలే. నువ్వు గూడ చెప్పకు, పరేషాన్ అయితది. నీకేం కాదు. మేమున్నం."

నిజం నోటిదాకా వచ్చింది. ఆక్సిజన్ కాదంటే ఆర్గాన్ అనాలి, ఆర్గాన్ అంటే బగోనె బయటపడుతుంది. "సరే" అన్నాను. "మాట్లాడకు బావా, ఆయాసమొస్తది" అని అతను పెట్టేశాడు.

ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "శుక్రవారం అన్నం మా అమ్మ బగోనెలనే వండుత. రేపు బజారుకు పంపి చిల్లి మూపిస్త."

"నేనే పంపిస్తలే" అన్నాను.

ఆర్గాన్ పెట్టి, మంట బాగా తగ్గించి, చెంచాల మీద మొదలుపెట్టాను. మొదటిసారి నిప్పు కింద లోహం కరిగి చిన్న నీటిబొట్టులా, నల్లమచ్చ లేకుండా మెరిసింది. హెల్మెట్ లోపల ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. ఆ బొట్టును కదిలించడం, తీగ కొస ముంచడం, మళ్లీ కదిలించడం. రోజంతా అదే పని. సాయంత్రానికి ఇంట్లో చెంచాలన్నీ జంటలైపోయాయి. మా ఆవిడ పప్పులోకి చెంచా అడిగితే గరిటె ఇచ్చాను.

ఇబ్బంది ఒకటే. నేను మిషన్ ముట్టించినప్పుడల్లా ఎదురింట్లో టీవీ బొమ్మ వణికేది. ఎదురింటావిడ మా ఆవిడకు అక్క వరస, కాబట్టి నేను ఆమెకు మరిదిని. ఆమె షెడ్డు వాకిట్లో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం మరిదీ, గీ వయసుల మెరుపులు మెరిపిస్తున్నవ్? అక్కడ సీరియల్ల కోడలు విషం తాగుతున్నది. తాగిందో లేదో కనపడకపాయె!"

"జరసేపు వదినా, అయిపోతది."

"ఇంగో మాట. నా పెండ్లికి మా మేనమామ పెట్టిన కంచం ఒకటి కనపడ్తలేదు. ఎవరింట్ల ఉన్నదో. వాడకట్టంత తిరుగుతున్న. చెల్లెను అడిగితే లేదంటున్నది."

నేను హెల్మెట్ దించుకుని ఉన్నాను. ఆమె మాటలు చెవిలో పడ్డాయి గానీ బుర్రలోకి పోలేదు. చిల్లికి వేయడానికి బగోనె రేకు మందంలో ఒక ముక్క ఎక్కడ దొరుకుతుందా అన్నదే నా ఆలోచన. ఆమె వెళ్లాక వంటింటి అటక వెతికితే, అడుగున, జిడ్డు పట్టి, పాతకాలపు బరువైన కంచం ఒకటి కనిపించింది. ఎవరూ వాడుతున్నట్టు లేదు. మధ్యలోంచి గుండ్రంగా ఒక బిళ్ల కోసుకున్నాను. బ్రష్షుతో రుద్దితే ఒక వైపు ఏవో చుక్కలు కనిపించాయి. హెల్మెట్‌కు అడ్డమొస్తాయని కళ్లద్దాలు తీసేసి ఉన్నాను. పువ్వు డిజైన్ అనుకున్నాను. అందంగా ఉంటుందని ఆ వైపు బయటికి పెట్టాను.

బిళ్లను నాలుగు చోట్ల చుక్కలతో నిలబెట్టి, కాసేపు ఆపి, ఎదురు చోట కొంచెం, మళ్లీ ఆపి ఇంకో పక్క కొంచెం, అలా చుట్టూ తిరిగాను. అతుకు నున్నగా రాలేదు, గొంగళిపురుగులు ఒకదాని వెనక ఒకటి పోతున్నట్టు వచ్చింది. కానీ నల్లగా రాలేదు, చిల్లి పడలేదు. వేడికి బిళ్ల నెమలికంఠం రంగులోకి తిరిగింది. నీళ్లు పోసి చూడబోతుంటే మా ఆవిడ పిలుపు వినిపించి, మాటు కనబడకుండా, కట్టెల పొయ్యి మీద మసి పట్టకుండా పూసినట్టు బయటంతా ఎర్రమన్ను మెత్తేశాను.

"నువ్వు గిన్నెకు మన్ను పూసినవా?" అంది మా ఆవిడ. "నలభై ఏండ్ల సంసారంల నువ్వు గ్లాసు కడుగంగ నేను సూడలే."

"పండుగ గద" అన్నాను. లోపల కనిపించే అతుకును ఆమె బజార్లో వేయించిన మాటే అనుకుంది.

శుక్రవారం బావమరిది కుటుంబం జీపులో దిగింది. అతను దిగుతూనే నా దగ్గరికి వచ్చి, నాడి చూసి, వేపచెట్టు నీడలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. "లేవకు బావా. ఏం కావాలన్నా చెప్పు, నేను తెస్త." ఎవరో నా ఒడిలో బత్తాయిల సంచి పెట్టారు. పెరట్లో కట్టెల పొయ్యి మీద బగోనె ఎసరు కాగుతోంది. మాటు నిలిచిందో లేదో చూడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. లేవబోయిన ప్రతిసారీ బావమరిది భుజాలు నొక్కి కూర్చోబెట్టాడు. ఇక నేను పొయ్యి వైపు చెవి పెట్టి కూర్చున్నాను. నిప్పుల మీద నీళ్లు పడితే చుయ్యిమంటుంది. అది ఎప్పుడు వినిపిస్తుందా అని ఊపిరి బిగబట్టి వింటుంటే, "బావకు మళ్ల ఊపిరి అందుత లేదు" అని అతను విసనకర్ర తెచ్చాడు.

మా ఆవిడ దారిలో ఆగి, "మా తమ్ముడు నిన్ను గంత మర్యాదగ సూస్తున్నడేందయ్యా, ఎన్నడు లేంది?" అంది.

"పెద్దోణ్ని గద."

"గిన్నేండ్ల సంది కావా?"

చుయ్యిమనలేదు. అన్నం ఉడికింది. బియ్యం పోశారు, చీర పెట్టారు, అందరూ తిన్నారు. మరదలు మూడోసారి వడ్డించుకుంటూ, "మా అత్త బగోనెల వండితే రుచే వేరు" అంది. మా ఆవిడ కొత్త చీరలో వెలిగిపోయింది. గండం గడిచిందనుకుని నేను ఒక బత్తాయి ఒలుచుకున్నాను.

భోజనాలయ్యాక ఆడవాళ్లు పెరట్లో గిన్నెలు తోముతున్నారు. బగోనె ఎదురింటి అక్క చేతికి వచ్చింది. ఆమె కొబ్బరిపీచుతో మన్నంతా రుద్ది, చెంబుతో నీళ్లు కొట్టి, ఆగిపోయింది.

"ఏందిది? నా పేరేంది గీడ?"

అందరూ గుమిగూడారు. బగోనె పొట్ట మీద, గుండ్రటి బిళ్లలో, నెమలికంఠం రంగులో ఆమె పేరు, కింద వాళ్ల ఊరి పేరు స్పష్టంగా మెరుస్తున్నాయి. ఇన్నేళ్లలో ఆ పేరు అంత అందంగా ఎక్కడా కనిపించి ఉండదు.

"మా అత్త బగోనె మీద మీ పేరెందుకుంటది?" అంది మరదలు.

"నన్నడుగుతవేంది? కొట్టున్నది గద, సదువుకో."

మరదలు అంచు చూసింది, పొట్ట చూసింది. "అంచు మీద అత్త పేరు, కడుపు మీద ఈమె పేరు. దీన్ని ఎన్నిండ్లల్ల కుదువ పెట్టినవ్ వదినా?"

మా ఆవిడ వంగింది. ఆ బిళ్ల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం అంత దూరం నుంచీ నాకు కనిపించింది. "నేను దీన్ని కన్నబిడ్డ లెక్క సూసుకున్న" అంది, మరదలితో కాదు, బగోనెతోనే అన్నట్టు.

నేను కుర్చీలోంచి లేచాను.

"బావా, లేవకు!"

బావమరిది చెయ్యి విడిపించుకుని షెడ్డులోకి వెళ్లి, నడిమధ్య గుండ్రటి చిల్లితో ఉన్న కంచం తెచ్చి అందరి ముందూ పెట్టాను. ఎదురింటి అక్క దాన్ని ఎత్తి, చిల్లిలోంచి నన్ను చూసింది.

"నా పెండ్లి కంచం! ఎలుక గిట్ల కొరికిందా మరిదీ?"

"నేనే కోసిన వదినా. పేరు సూడలే."

"ఎందుకు కోసినవ్?"

"బగోనెకు మాటెయ్యనీకి."

"బగోనెకు ఏమైంది?" అంది మా ఆవిడ.

చెయ్యి ఎంత దాకా దూరిందో మణికట్టు పట్టుకుని చూపించాను. ఇక ఒకదాని వెనక ఒకటి అన్నీ బయటికొచ్చాయి. ట్రాలీల గ్యాసు, నీలం సిలిండర్, మిర్యాలగూడ ప్రయాణం. బావమరిది ముఖం మెల్లగా మారింది.

"అంటే బావా, నీకు ఊపిరి మంచిగనే ఆడుతదా?"

"మంచిగనే ఆడుతది."

"మరి నేను మైసమ్మకు మేకపోతును మొక్కుకున్న గద!"

"ఊపిరేంది? మొక్కేంది?" అంది మా ఆవిడ. పక్కనుంచి మిర్యాలగూడవాళ్లెవరో ఆమె చెవిలో చెప్పారు. ఆమె నా వైపు, తమ్ముడి వైపు, నా ఒడిలోంచి కింద దొర్లిన బత్తాయిల వైపు చూసింది. ఒడిలోని పసుపు బియ్యం మూటను గట్టిగా పట్టుకుంది. "పోసినయి పోసినయే. మళ్ల అడగొద్దు" అంది తమ్ముడితో.

తర్వాత పైపు తెచ్చి బగోనెలోకి నీళ్లు వదిలింది. అంచు దాకా నిండింది. అందరం చుట్టూ వంగి మాటునే చూస్తూ నిలబడ్డాం. మరదలు మోకాళ్ల మీద కూర్చుని వేలితో అతుకు చుట్టూ తడిమింది. వేలు పొడిగా వచ్చింది.

"కారుతలేదు" అంది, ఇష్టం లేకుండానే. లేచి నిలబడింది. "గని వదినా, ఖరాబైన నాడు తీస్కపొమ్మన్నవ్ గద. ఖరాబైతే అయింది గద. నువ్వే అన్న మాట."

మా ఆవిడ చేతిలోని పైపు కింద పడేసింది. ఆమె మాట తప్పే మనిషి కాదు. బగోనె చెవి మీద పెట్టిన చెయ్యి మెల్లగా జారింది. 

"ఆగు పిల్లా" అంది ఎదురింటి అక్క. "నా కంచం సంగతేంది మరి?"

"మీ కంచం మీకు ఇచ్చిండు గద అన్న."

"ఇదా కంచం? ఇది గాజు లెక్కున్నది. అసలు కంచం గీ బగోనెల ఉన్నది. మా మేనమామ పెట్టింది, నా పేరున్నది. నా పేరున్న సామాను మిర్యాలగూడకు ఎట్ల పోతదమ్మా? కావాలంటే గా బిళ్ల ఊడగొట్టి ఇచ్చి, మిగిలింది తీస్కపో."

మరదలు బిళ్ల వైపు చూసింది. అది ఊడితే మిగిలేది ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె భర్త మేకపోతు సంగతి ఇంకా ఆలోచిస్తున్నాడు, అతని నుంచి సాయం లేదు. "మీ వాడకట్టుతోని ఎవరు గెలుస్తరు?" అని కొంగు దులుపుకుని వెళ్లి జీపులో కూర్చుంది.

మా ఆవిడ, అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఆ చెయ్యి విడిపించుకుని బగోనె ఒక చెవి పట్టుకుంది. "గా మురిపెం తర్వాత చెల్లె. ఎల్లుండి మా మనుమని పుట్టెంట్రుకలు. ఇగ అడిగే పని లేదు గద, సగం నాదే. తీస్కపోతున్న."

"సగం నీదెట్లయితది అక్కా? అరచెయ్యంత బిళ్ల!" అంటూ మా ఆవిడ రెండో చెవి పట్టుకుంది. నీళ్లు పారబోసి, సగమా పావా అని వాదించుకుంటూనే ఇద్దరూ బగోనెను చెరోవైపు మోస్తూ వాకిలి దాటారు. రోడ్డు మధ్యలో మా ఆవిడ వెనక్కి తిరిగింది.

"అయ్యా, గా కంచానికి గూడ మాటెయ్యి. ఎవ్వరి గిన్నె కొయ్యకుండ ఎయ్యి!"

నేను కళ్లద్దాలు పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. సాయంత్రం దాకా వెతికాను. పేరు లేని స్టీలు ముక్క మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు.